వెనక పెట్టె

తలుపు దానంతటదే తెరుచుకుంటుందని నూకరత్నం చూసింది. తెరుచుకోలేదు. ఎర్ర రంగు బండి చప్పుడు చెయ్యకుండా వచ్చి ఆగింది, అద్దాల్లోంచి లోపలి మనుషులు కనబడుతున్నారు, తలుపు మాత్రం బిగదీసుకు కూర్చుంది. చెవుల్లో ఏవో పెట్టుకున్న పిల్లొకతె పక్కనుంచి చెయ్యి చాపి తలుపు మీది బొత్తాం నొక్కితే అప్పుడు జరిగింది. నర్సీపట్నం డిపోలో ఇరవయ్యారేళ్లు కండక్టరీ వెలగబెట్టి, ఎంతమందిని బస్సెక్కించి దింపిందో లెక్కలేని మనిషికి, యాభై మూడేళ్ల వయసులో, జర్మనీ దేశంలో, బండెక్కడం ఒకళ్లు చూపించాల్సొచ్చింది. సిగ్గుపడే తీరిక కూడా లేదు. సంచీ గుండెలకి హత్తుకుని ఎక్కేసి కిటికీ పక్కన కూలబడింది. అంతకుముందే ఆ ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసకి నడిచి మరీ చివరి పెట్టె ఆగేచోట కాసుకుంది. చివరి పెట్టె ఆడాళ్లది కదా, గార్డు పక్కన ఉండే పెట్టె. ఏ దేశమైనా ఆడమనిషి ఒంటరిగా పోయేటప్పుడు అదే క్షేమం. తీరా ఎక్కి చూస్తే ఎదుటి సీట్లో ఒక ముసలాయన కుక్కతో సహా కూర్చుని ఉన్నాడు, అటుపక్క ఇద్దరు మగాళ్లు సైకిళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఆడాళ్ల పెట్టెలో ఎక్కడానికి మొహమాటమైనా లేదు వీళ్లకి అనుకుంది. తునిలో అయితే ఈపాటికి రైల్వే పోలీసొచ్చి దింపేసి ఉండును.

బండి కదిలింది, కదిలినట్టు తెలీకుండానే. పైన తెర మీద పదీ ఏడు. పదకొండూ అయిదుకి లిండెన్‌బాక్ అనే ఊరు. పదకొండున్నరకి పెళ్లి. ఈ మూడు అంకెలూ పొద్దున్నుంచి జపంలా నోట్లో తిరుగుతున్నాయి. పెళ్లి తన చెల్లెలు శ్రీదుర్గది, ఒక్కగానొక్క చెల్లెలిది, ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. ఆ సంగతి టూరులో ఉన్న నలభై మందిలో ఒక్క మేనేజరు జగదీశ్వరరావు గారికే తెలుసు. మిగతా వాళ్లకి కడుపులో బాగులేదని చెప్పింది. పన్నెండు రోజుల్లో ఎనిమిది దేశాలు చూపిస్తామన్న విశాఖపట్నం టూరు ఇది. డిపోలో వాళ్లంతా నూకరత్నం విమానమెక్కి టవర్లు చూడబోతోందని నవ్వుకున్నారు, నవ్వుకోనీ. జగదీశ్వరరావు గారు టికెట్టు తీసిచ్చి, ఏ ప్లాట్‌ఫారమో ఎన్నో స్టేషనో కాగితం మీద రాసిచ్చి, "సాయంత్రం ఏడుకల్లా హోటల్లో ఉండాలమ్మా, లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నారు. ప్లాట్‌ఫారం సరిగ్గానే చూసుకుంది. బండి నంబరు మూడుసార్లు చూసుకుంది. బోర్డు చూసుకోకుండా ఎక్కే రకం కాదు తను. బోర్డు చూడండమ్మా, బోర్డు చూసి ఎక్కండి బాబూ అని అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయిన మనిషి.

దుర్గ మార్చిలో ఫోన్లో మాట రికార్డు చేసి పంపింది. అక్కా, జూన్ పన్నెండున పదకొండున్నరకి ఇక్కడి మున్సిపాలిటీ ఆఫీసులో నా పెళ్లి, సంతకాలు పెట్టుకోడమే, ఇంకేం లేదు, ఆయన అంబులెన్సు నడుపుతాడు, నువ్వు రావాలని కాదు, తెలియాలని చెప్తున్నాను. డిపో రెస్టురూములో కూర్చుని ఎన్నిసార్లు విందో. నలభై రెండేళ్లకి పెళ్లి. దేశాలు దాటి పోయినా చివరికి డ్రైవర్నే చేసుకుంటోంది అనుకుని నవ్వింది, ఆ వెంటనే ఏడిచింది. జవాబు మాత్రం మంచిది అని ఒక్క ముక్క రాసింది. వస్తానని ఎలా రాస్తుంది? ఆరేళ్ల కింద నడింట్లో నిలబడి, ఇకమీదట నీ మంచికీ రాను నీ చెడ్డకీ రాను అని అన్నది తనే. అన్నమాట వెనక్కి తీసుకోవాలంటే నోటితో తనవల్ల కాదు, కాళ్లతోనే కావాలి. వస్తానని ముందుగా చెప్తే వద్దంటుందేమో, వద్దనిపించుకున్నాక ఇంక ఏ మొహం పెట్టుకుని పోతుంది. చెప్పకుండా పోయి నిలబడితే గుమ్మంలోకొచ్చిన మనిషిని తోసెయ్యరు కదా. సంతకం పెట్టే వేళకి ఆ గదిలో ఉండాలి. అంతే, ఇంకేమీ అక్కర్లేదు. పెళ్లి తిండి పెట్టకపోయినా సరే.

బయట పచ్చగా, ఆ పచ్చ పక్కనే పసుప్పచ్చగా చేలు పోతున్నాయి. మనిషి కనబడడు చేలో. ఇంత పంట ఎవరు ఊడ్చారు, ఎవరు కోస్తారు. నాతవరం అవతల తాండవ రిజర్వాయరు నీళ్లు వదిలిన రోజుల్లో గట్టు మీద బస్సు పోతుంటే ఇలాగే ఉంటుంది, కాకపోతే అక్కడ వంగిన నడుములు కనబడతాయి, చీరలు కనబడతాయి, ఎవరో ఒకరు చెయ్యెత్తి బస్సాపమంటారు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఆపరు. పెట్టెలో కూడా అంతే, చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఎక్కడికమ్మా, ఏ ఊరమ్మా, పిల్లలెందరమ్మా అని ఒక్కరైనా అడగరు. శనక్కాయలు రావు, సమోసాలు రావు. పట్టాలకీ చక్రాలకీ కూడా మాటల్లేవు. ఇది రైలేనా అసలు, కలా? రాత్రి సరిగ్గా నిద్ర లేదు, కళ్లు వాలిపోతున్నాయి, వాలిన కళ్లలో నర్సీపట్నం రోడ్డు స్టేషను వచ్చి నిలబడింది. పేరుకి నర్సీపట్నం రోడ్డు, నర్సీపట్నానికీ దానికీ పాతిక కిలోమీటర్ల పైనే. ఊరు ఊళ్లో ఉంటే స్టేషను అడ్డరోడ్డులో ఉంది. కొత్తవాళ్లు అక్కడ దిగి ఊరేదని వెతుక్కుంటారు. రైలెక్కాలంటే ముందు బస్సెక్కాల్సిన ఊరు మాది అని నాన్న నవ్వేవాడు, ఆయన డిపోలో మెకానిక్కు, ఆ ఊరి అవసరమంతా బస్సుతోనే ఉండాలని కోరుకునే మనిషి. ఆ స్టేషన్లోనే దుర్గ చెయ్యి పట్టుకుని నిలబడేది తను. నర్సింగు చదువుకి విశాఖపట్నం పంపించిన మొదటి రోజు దుర్గకి పద్దెనిమిది, రెండు జడలు, రేకు పెట్టె, పెట్టె మీద పెయింటుతో పేరు. పాసింజరు వస్తుంటే జనమంతా ముందుకి ఉరికితే తను దుర్గని వెనక్కి లాక్కుపోయింది. ఎనక పెట్టే మనది, గుర్తెట్టుకో, ఎప్పుడొచ్చినా ఎనక్కే రా, ఎవడితోనూ గొడవుండదు. మూడేళ్లు ప్రతి సెలవుకీ అదే పెట్టె. ఎక్కించడానికీ అదే, దింపుకోడానికీ అదే. బండి ఆగకముందే కిటికీ ఊచల మధ్యనుంచి దుర్గ చెయ్యి కనబడేది.

ఆ చెయ్యి ఇప్పుడెలా ఉందో. అమ్మ పోయిన నాడు దుర్గ నాలుగేళ్ల పిల్ల, తనకి పదిహేను. తల దువ్వడం రాదు తనకి, దుర్గ జుట్టు ఉంగరాలు, దువ్వెన చూస్తే మంచం కిందకి దూరిపోయేది. ఎన్ని పొద్దులు ఆ మంచం కిందకి తనూ దూరింది. తరవాత నాన్న పోతే ఆయన బదులు డిపోలో తనకి కండక్టరు ఉద్యోగమిచ్చారు. టికెట్ల మిషను మెడలో, బ్యాగు చంకలో, చింతపల్లి ఘాటీలో బస్సు ఒక్కో మలుపూ తిరుగుతుంటే రాడ్డు పట్టుకోకుండా నిలబడి టికెట్టు కొట్టడం పదిహేను రోజుల్లో పట్టుబడిపోయింది. దుర్గ చదువు తను, దుర్గ ఫీజు తను, దుర్గ జ్వరం తను. ఊళ్లో అందరూ అనేవారు, నూకరత్నం చెల్లి కోసం పెళ్లి మానుకుంది, అలాంటి అక్క ఎవరికుంటాది అని. వింటుంటే బాగుండేది. కాదనేది కాదు. సరే, ఆరేళ్ల కింద దుర్గకి నాతవరం మేష్టారి సంబంధం ఖాయం చేసింది, తాంబూలాలకి రోజు కూడా చూసింది, దుర్గని అడగలేదు. అడగడమేటి, పెంచిన దాన్ని కదా. దుర్గ వచ్చి గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, నా కోసం పెళ్లి మానుకోమని నేనడగలేదక్కా, అడక్కుండా ఇచ్చినదానికి ఇంకెన్నేళ్లు తలొంచుకోను అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. రాత్రిపూట జర్మను భాష నేర్చుకుంటోందని, ఉద్యోగం కాగితాలు వచ్చేశాయని అప్పుడే తెలిసింది. ఆ కోపంలో తను ఆ మాట అంది, మంచికీ రాను చెడ్డకీ రాను. దుర్గ వారం తిరక్కుండా పోయింది.

బండి ఎక్కడో ఆగింది. చాలాసేపే ఆగింది. పైకప్పులోంచి ఒకావిడ గొంతు ఏదో మెత్తగా చెప్పుకుపోతోంది, జోలపాటలా ఉంది, దాన్లో లిండెన్‌బాక్ అన్న మాట కూడా వినబడింది. వస్తోందన్నమాట, ఇంకా టైముంది. సైకిళ్ల వాళ్లు దిగి ముందుకి పోయారు. పోతే పోయారు, ఇప్పటికైనా బుద్ధొచ్చింది. ఎక్కడో ఇనుము ఇనుముని వదిలిన చప్పుడు, చిన్న కుదుపు, మళ్లీ నిశ్శబ్దం. కళ్లు తెరవబుద్ధి కాలేదు. మూసిన కళ్లలో బస్సు బలిఘట్టం దాటింది, వాన, అద్దం మీద వైపరు ఒకటే పనిచేస్తోంది, వెనక సీట్లో పాయకరావుపేట పెళ్లికొడుకు కూర్చుని ఉన్నాడు. టికెట్టండీ అంటే నవ్వుతున్నాడు. ఆయన పేరు లచ్చన్న. తనకి ఇరవై ఎనిమిదప్పుడు వచ్చిన సంబంధం, బియ్యం కొట్టు, మంచివాళ్లే, కట్నం కూడా అడగలేదు. పెళ్లయ్యాక ఉద్యోగం ఎందుకమ్మా, కొట్లో గల్లా పెట్టె దగ్గర కూర్చుంటే చాలదా అన్నాడు వాళ్ల నాన్న. చెల్లినీ మాతోనే ఉంచుకుంటాం అన్నారు, పాపమని జాలిపడి కాదు, పండగలా అన్నారు. దుర్గని వాళ్లు వద్దనలేదు. దుర్గ అడ్డం కాలేదు. నూకరత్నానికి నిద్దట్లోనే ఎక్కడో చల్లగా తగిలింది. గల్లా పెట్టె దగ్గర కూర్చోడం తనకి ఇష్టం లేకపోయింది. అదీ సంగతి. పొద్దున్నే అయిదింటి బస్సు, లంబసింగి దగ్గర పొగమంచు, తలుపు దగ్గర నిలబడితే మొహానికి కొట్టే గాలి, రైట్ రైట్ అని తను అంటే కదిలే అంత పెద్ద బండి, అది వదల్లేకపోయింది. ఆడది ఆ మాట పైకంటే ఊరు నవ్వదూ. చెల్లి ఉంది కదండీ, దాని చదువవ్వాలి అంది. అందరూ నమ్మారు. పాతికేళ్లు తిరిగేసరికి తనూ నమ్మేసింది. ఆ పిల్ల నెత్తిన ఆ మూట పెట్టి, అది మొయ్యలేక దేశం వదిలిపోతే, కృతజ్ఞత లేదని ఊరంతా చెప్పుకు తిరిగింది.

ఎవరో భుజం తట్టారు. నీలం కోటు, ముక్కుకి చిన్న రింగు, మెడలో మిషను. లేడీ కండక్టరు. చూడగానే ప్రాణం లేచొచ్చింది నూకరత్నానికి, మన మనిషే. టికెట్టు తీసిచ్చింది. ఆ పిల్ల టికెట్టు చూసింది, తన మొహం చూసింది, మళ్లీ టికెట్టు చూసింది. ఆ చూపు ఏమిటో నూకరత్నానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చూపు తను ఎన్నిసార్లు చూసిందో. తుని టికెట్టు పుచ్చుకుని చింతపల్లి బస్సులో కూర్చున్న మనిషిని చూసే చూపు. ఆ పిల్ల రెండు అరచేతులూ ఒకదానికొకటి ఆనించి చూపించింది, తరవాత నెమ్మదిగా విడదీసి ఒకటి అటు, ఒకటి ఇటు పోనిచ్చింది. ముందు పెట్టెలు లిండెన్‌బాక్ పోయాయి. వెనక పెట్టెలు ఇటు తిరిగాయి. ఇందాక ఆగిన జంక్షన్లో బండిని రెండు చేసేశారు, ఇక్కడ అది రోజూ మామూలే కాబోలు, ఏ సగానికి ఆ సగం బోర్డు విడిగా ఉండే ఉంటుంది. పైన తెర మీద ఊరి పేరు ఏదో ఉంది, చదవబోయి మానేసింది. పదీ యాభై నాలుగు. ఆడాళ్లది అనుకుని ఎక్కేనమ్మా అంది, తెలుగులోనే. ఆ పిల్లకి ఏం అర్థమైందో, పక్కన కూర్చుని, తన ఫోను చూసి, టికెట్టు వెనకాల అంకెలు రాసి, బాణాలు గీసిచ్చింది. ముందొచ్చే స్టేషన్లో దిగు, వెనక్కొచ్చే బండి ఎక్కు, జంక్షన్లో మారు, పన్నెండూ యాభై ఎనిమిదికి లిండెన్‌బాక్. తిట్టలేదు. లంబసింగిలో ఒకసారి గున్నమ్మ అనే కొండమనిషి నర్సీపట్నం ఆస్పత్రికి పోవాల్సింది పైకి పోయే బస్సెక్కేసింది, కూతురికి నొప్పులట. బోర్డు సూడవా అని బస్సంతా వినేలా కేకలేసింది తను. సదువు రాదమ్మా, బస్సు రంగు సూసి ఎక్కినాను అంది ఆ గున్నమ్మ, నవ్వుతూ, తప్పు చేసినవాళ్లు నవ్వే నవ్వు. మలుపులో దిగి రాయి మీద కూర్చుంది. బస్సు కదిలాక తను వెనక్కి చూడలేదు. ఇన్నేళ్లకి ఇప్పుడు చూస్తోంది.

దిగిన స్టేషన్లో ఒక బెంచీ, ఒక గడియారం, ఒక పూలకుండీ. మనిషి లేడు. పదకొండూ నాలుగు. నడిచి పోలేదు, ఎగిరి పోలేదు. టూరు వాళ్లిచ్చిన సిమ్ములో డబ్బులున్నాయో లేదో. చెల్లి పేరు తెర మీద పెట్టుకుని, వేలు దానికి ఆనించకుండా ఎంతసేపుందో. ఆరేళ్లలో ముందుగా తను చెయ్యలేదు ఒక్కసారి కూడా. ఇప్పుడు చేసి ఏం చెప్తుంది, పిలవని పెళ్లికి బయల్దేరి దారి తప్పేనని చెప్తుందా? చెప్పకుండా పోవచ్చు. వెనక్కొచ్చే బండెక్కి హోటలుకి పోయి కడుపునొప్పి తగ్గిందని చెప్పొచ్చు, దుర్గకి ఎప్పటికీ తెలీదు. ఆ ఆలోచన వచ్చాకే వేలు ఆనించింది.

"హలో" అంది దుర్గ, ఇక్కడి వాళ్లలా సాగదీసి.

"దుర్గా, నేనే."

వెనకాల ఎవరివో నవ్వులు వినబడుతున్నాయి. దుర్గ వాటికి దూరంగా నడిచినట్టుంది, నవ్వులు తగ్గాయి. "ఏటయిందక్కా, ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉన్నానే. మీ దేశమొచ్చేను. నీ పెళ్లికని బయల్దేరేను. బండి దారిలో రెండు ముక్కలైపోయింది. ఏదో ఊళ్లో దిగీసేను."

దుర్గ, అడిగినట్టు కాకుండా, "ఎనక పెట్టె ఎక్కేవు" అంది.

"ఎక్కేను."

"అక్కడే ఉండు. కదలకు. మేం కారేసుకుని వచ్చేస్తాం. ఆఫీసు వాళ్లని ఇంకో రోజు అడుగుతాను, ఇస్తారు."

ఆగుతుందట. పెళ్లి ఆపుకుని తన కోసం వస్తుందట. జన్మలో తనకి ఎవరైనా ఆ మాట చెప్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకుందో, ఆ మాట ఇదిగో, చెవిలో ఉంది. నూకరత్నం దాన్ని కాసేపు అలాగే ఉంచుకుంది. ఎంత తీపిగా ఉందో. అంత తీపి కాబట్టే భయమేసింది.

"వద్దు. నువ్వు లోపలికెళ్లు. నా కోసం ఆగకు. నేనూ నీ కోసం ఆగలేదు. విను, అడ్డు రాకు. పాయకరావుపేట సంబంధం నేనే వద్దనుకున్నాను. వాళ్లు నిన్నూ ఉంచుకుంటామన్నారు. నాకే ఇష్టం లేకపోయింది, ఉద్యోగం మానాలని. అది సెప్పుకోలేక నీ పేరు సెప్పేను. ఊరికీ అదే సెప్పేను, నీకూ అదే సెప్పేను. నువ్వు నాకేటీ బాకీ లేవే. ఎప్పుడూ లేవు."

అవతల ఎవరో మగ గొంతు దుర్గని పిలిచింది, దుర్గ పలకలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడొచ్చింది.

"ఈ మాట ఆరేళ్ల కింద సెప్పుంటే నేను ఇల్లొదిలి వచ్చేదాన్నే కాదక్కా." ఇప్పుడది పూర్తిగా నర్సీపట్నం గొంతు. నూకరత్నం కళ్లు మూసుకుంది. అది నిజమే. దుర్గే మళ్లీ అంది, "సెప్పకపోవడమే మంచిదయిందిలే. ఈయన దొరికేడు." అది నవ్వో ఏడుపో తెలీలేదు. "ఏ బండికొస్తున్నావు?"

"పన్నెండూ యాభై ఎనిమిది. సాయంత్రం ఏడుకల్లా టూరు వాళ్ల హోటల్లో ఉండాలి."

"స్టేషన్లో ఉంటాం. సాయంత్రం నేనే దింపుతాను. పిలుస్తున్నారక్కా, వెళ్తున్నాను."

"ఎల్లు. బేగి ఎల్లు."

ఫోను ఒళ్లో పెట్టుకుంది. ఎండ వచ్చింది, ఊరికే ఎండ, పట్టాల మీద పడి మెరుస్తోంది. ఇప్పుడు మెట్లెక్కుతూ ఉంటుంది. ఏ చీరో, చీర కట్టిందో లేదో, కుచ్చిళ్లు ఎవరు సర్దారో. జడ వేసుకుందో వదిలేసిందో. ఇప్పుడు గది తలుపు తీసి ఉంటారు. ఎవరో కుర్చీ చూపించి ఉంటారు. తన చెయ్యి పడకుండానే దుర్గ పెళ్లి జరిగిపోతోంది. అన్నం తినిపించకుండా దుర్గ తినేసింది, దువ్వెన పట్టకుండా దుర్గ దువ్వుకుంది, ఎక్కించకుండా ఎక్కింది, దిగింది. బాగానే ఉంది. బాగానే ఉంటుంది. ఆ మాట ఇంత నొప్పిగా, ఇంత తేలిగ్గా ఒక్కసారే ఉంటుందని ఎవరు చెప్పారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు, చూసేవాళ్లు ఎవరున్నారు గనక. గడియారం పెద్ద ముల్లు గెంతి గెంతి కదులుతోంది. పదకొండున్నర అయ్యేసరికి నూకరత్నం లేచి నిలబడింది. ఎందుకో తనకే తెలీదు. చెల్లి పెళ్లి జరుగుతుంటే ఊరికే కూర్చోడం బాగోదనిపించింది. చీర కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, ఎవరూ లేని ఆ ప్లాట్‌ఫారం మీద, లిండెన్‌బాక్ ఎటుందో తెలీదు గనక పట్టాల వైపే తిరిగి, చేతులు కట్టుకుని నిలబడింది. ముల్లు ఇంకో పదిసార్లు గెంతాక, సంతకాలు అయిపోయి ఉంటాయనిపించాక, మళ్లీ కూర్చుంది.